అమ్మానాన్నలతో గాస్పెల్ బ్రంచ్‌కి వెళ్లాలని ఉంది, వెళ్లినవాళ్లు చెప్పండి

కోనసీమకొబ్బరి (ఫ్రిస్కో, టెక్సస్):

అందరికీ నమస్కారం. అమ్మానాన్న అమలాపురం నుంచి వచ్చారు, సంక్రాంతికి ముందే తిరిగి వెళ్లిపోతారు. గుళ్లు, మాల్స్, నయాగరా అన్నీ అయిపోయాయి. నాన్నగారు రిటైర్డ్ హెడ్మాస్టరు, హార్మోనియం వాయిస్తారు, ఊళ్లో భజన మేళం ఆయనదే. "ఇక్కడివాళ్ల పాట ఒకసారి ఎదురుగా కూర్చుని వినాలిరా" అని వచ్చిన దగ్గర్నుంచీ అంటున్నారు.

గాస్పెల్, అంటే ఇక్కడి నల్లజాతి చర్చిల పాట వింటూ అక్కడే సదరన్ (అమెరికా దక్షిణాది) భోజనం చేసే చోటుకి తీసుకెళ్దామని నా ఆలోచన. హౌస్ ఆఫ్ బ్లూస్ అని చాలా ఊళ్లలో ఉన్న సంగీతం హాళ్ల గురించి ఆఫీసులో చెప్పారు, డాలస్‌లోనూ ఒకటి ఉంది. కానీ నాకు మూడు టెన్షన్లు. అది పబ్ లాంటిదా? పెద్దవాళ్లని తీసుకెళ్తే ఇబ్బంది పడతారా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అరగంట కూడా నిలబడలేరు. ఇక తిండి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్నగారు కోడి, చేప తింటారు. బీఫ్, పోర్క్ ఇద్దరికీ పనికిరావు.

డాలసే కానక్కర్లేదు, కారులో వెళ్లగలిగిన ఏ ఊరైనా పర్లేదు.

ప్లేనోపెద్దన్న:

తమ్ముడూ, మోకాళ్ల సంగతి ముందే చెప్పి మంచిపని చేశావు. హౌస్ ఆఫ్ బ్లూస్ అంటే ఒకే గది కాదు. డాలస్‌దే తీసుకో, పాత వైట్ స్వాన్ బిల్డింగులో 2007లో తెరిచారు. అందులో పెద్ద మ్యూజిక్ హాలు ఉంది, కేంబ్రిడ్జ్ రూమ్ అని చిన్న హాలు ఉంది, రెస్టారెంటు వేరు, పైన మెంబర్ల గది వేరు. రాత్రిపూట పెద్ద హాల్లో జరిగే షోలకి టికెట్ మీద "జనరల్ అడ్మిషన్" అని ఉంటే కుర్చీ లేదని అర్థం. తలుపులు తెరిచిన దగ్గర్నుంచి, ముందు పాడే చిన్న బ్యాండు, ఆ తర్వాత అసలు బ్యాండు, అంతా కలిపి మూడు గంటలు నిలబడాలి. మీ నాన్నగారికి అది అసలు కుదరదు.

గాస్పెల్ బ్రంచ్ అలా కాదు. ఆదివారం పగటిపూట, బల్లలు వేసి, కుర్చీ నంబరుతో టికెట్లు. బఫే. పిల్లలు, ముసలివాళ్లు, చర్చి బట్టల్లో వచ్చిన కుటుంబాలు కనిపిస్తాయి. పబ్ అన్న భయం అక్కర్లేదు. బార్ ఉంటుంది, ఎవరి గోల వాళ్లది.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. అన్ని ఊళ్లలో ప్రతి ఆదివారం ఉండదు. కొన్నిచోట్ల ఈస్టర్, మదర్స్ డే లాంటి రోజుల్లోనే పెడతారు. ముందు ఆ ఊరి క్యాలెండర్ చూసుకుని ఆ తర్వాత నాన్నగారికి చెప్పు.

పుట్టపర్తిబస్టాండు:

మా ఊరి ముచ్చట ఒకటి చెప్పాల్సిందే. హౌస్ ఆఫ్ బ్లూస్ పెట్టినాయన పేరు ఐజాక్ టిగ్రెట్, టెనెసీ మనిషి. 1971లో పీటర్ మోర్టన్‌తో కలిసి లండన్‌లో హార్డ్ రాక్ కెఫే మొదలుపెట్టింది కూడా ఈయనే. సత్యసాయిబాబా భక్తుడు. హార్డ్ రాక్ గోడల మీద "లవ్ ఆల్, సర్వ్ ఆల్" అని రాసి ఉంటుంది చూడండి, అది బాబా మాటే. ఆ కెఫేలో తన వాటా అమ్మగా వచ్చిన డబ్బులో పెద్ద మొత్తం పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి ఇచ్చాడు. 1991 నవంబర్ 22న దాన్ని ప్రారంభించింది అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు. మా పెద్దమ్మకి గుండె ఆపరేషన్ అక్కడే జరిగింది, ఒక్క పైసా తీసుకోలేదు.

ఆ మరుసటి సంవత్సరమే, 1992 థాంక్స్‌గివింగ్ రోజున, బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో, హార్వర్డ్ స్క్వేర్ దగ్గర ఒక పాత ఇంట్లో మొదటి హౌస్ ఆఫ్ బ్లూస్ తెరిచాడు. భాగస్వామి నటుడు డాన్ ఆక్రాయిడ్. ఇప్పుడున్న హాళ్ల లోపలికి వెళ్తే "హెల్ప్ ఎవర్, హర్ట్ నెవర్" అని కనిపిస్తుంది. వేదిక పైన అన్ని మతాల గుర్తులూ ఉంటాయి, వాటిలో ఓంకారం కూడా. పుట్టపర్తివాడికి అమెరికాలో బ్లూస్ హాల్లో నిలబడితే ఏదో సొంత ఊరి గాలి తగిలినట్టు ఉంటుందంటే నమ్మండి.

తాళంతప్పినోడు:

పుట్టపర్తి అన్నా, కథ బాగుంది. కానీ హౌస్ ఆఫ్ బ్లూస్‌ని 2006లోనే లైవ్ నేషన్ అనే పెద్ద కచేరీల కంపెనీ కొనేసింది. 2010 నుంచి టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ కూడా అదే గొడుగు కింద ఉంది. ఇప్పుడక్కడ సొంత ఊరి గాలి కంటే సర్వీస్ ఫీజు గాలే ఎక్కువ.

ఇంకో మాట. ప్రతి హౌస్ ఆఫ్ బ్లూస్ వేదిక కింద, నల్లజాతి కూలీల బ్లూస్ పాట పుట్టిన మిసిసిపీ డెల్టా మట్టి నింపిన ఇనప పెట్టె ఒకటి పెడతారు. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. ఆ మట్టిలో పత్తి తీసినవాళ్లకి ఏం మిగిలింది? బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఆ డెల్టాలోని క్లార్క్స్‌డేల్ ఊరి దగ్గర స్టోవాల్ పత్తి తోటలో ట్రాక్టర్ నడిపి, కూలి పెంచమంటే పెంచకపోతే 1943లో రైలెక్కి షికాగో వెళ్లిపోయాడు. ఆ మట్టి వదిలేసి పారిపోయినవాళ్ల సంగీతానికి ఆ మట్టినే తెచ్చి పునాది వేయడం నాకు కొంచెం తేడాగా అనిపిస్తుంది.

పుట్టపర్తిబస్టాండు:

అమరావతి శంకుస్థాపనకి ఊరూరి మట్టీ నీళ్లూ తెచ్చి పోసినప్పుడు ఫొటోలు షేర్ చేసినవాళ్లే ఇప్పుడు మట్టి పెట్టె మీద పడుతున్నారు. నేను మీ గురించి అనట్లేదు లెండి.

ప్లేనోపెద్దన్న:

మట్టి గొడవ ఆపండి నాయనా. కొబ్బరి తమ్ముడి అమ్మగారి గురించి ఇంకో ముక్క. పైన చెప్పిన మెంబర్ల గది ఉంది కదా, ఫౌండేషన్ రూమ్ అంటారు. దానిలో అలంకారమంతా మనవైపుదే. వినాయకుడు, బుద్ధుడు, చెక్కిన తలుపులు. పక్కనే మందు గ్లాసులు. ఇదేం పని అని హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అమ్మగారికి పట్టింపు ఉంటే అటువైపు తీసుకెళ్లకు. బ్రంచ్ అక్కడ కాదు కాబట్టి ఇబ్బంది లేదు.

కోనసీమకొబ్బరి:

పెద్దన్నా, థాంక్స్. అమ్మకి పట్టింపు ఉంది, చూస్తే దణ్ణం పెట్టేసి ఆ గ్లాసులు ఎవరు తీస్తారని అడుగుతుంది. కూర్చునే షో అని తేలిపోయింది, ఒక టెన్షన్ తగ్గింది. తిండి గురించి ఎవరైనా వివరంగా చెప్పగలరా?

మక్కగట్క (మెంఫిస్, సొంతూరు కరీంనగర్):

నేను చెప్తా. పన్నెండేళ్లుగా ఈ వంట మధ్యలోనే ఉన్న, మా ఆవిడ శాకాహారి. కాబట్టి రెండు వైపులా తెలుసు.

ముందు గ్రిట్స్. పేరు వింటే ఏదో అనిపిస్తది గానీ తెల్ల మక్కజొన్న నూక మెత్తగా ఉడకబెట్టిందే. మా మక్క గట్క తిన్నోళ్లకి కొత్తేం కాదు. ఉప్పు, వెన్న, ఒక్కోసారి చీజ్ వేస్తరు. ఇందులో చక్కెర వేసుకుంటే ఇక్కడి పెద్దవాళ్లు అదోలా చూస్తరు, జాగ్రత్త. అమ్మగారికి ఇదే ప్రాణం కాపాడే వస్తువు, అయితే నీళ్లలో ఉడికించారా, చికెన్ స్టాక్‌లోనా అని అడగాలె. పైన రొయ్యలు వేసినవి విడిగా పెడతరు, ఆ గరిటె ఈ గిన్నెలోకి రాకుండా చూసుకోండి.

కాలర్డ్ గ్రీన్స్ దగ్గర మనవాళ్లందరూ మోసపోతరు. ఆకుకూరే కదా అని వడ్డించుకుంటరు. పొగపెట్టిన పంది కాలి ముక్క వేసి గంటల తరబడి ఉడికిస్తరు. ఆ రసమే రుచి అంటరు వాళ్లు. బొబ్బర్లు, గ్రీన్ బీన్స్, రెడ్ బీన్స్ అన్నం, వీటన్నిటిదీ అదే కథ. పచ్చగా ఉన్నదల్లా శాకాహారం అనుకుంటే ఈ దేశంలో దక్షిణం వైపు రావద్దు. ఈమధ్య కొన్నిచోట్ల పోర్క్ బదులు పొగపెట్టిన టర్కీ వేస్తున్నరు, అది నాన్నగారికి పనికొస్తుంది గానీ అమ్మగారికి కాదు.

కార్న్‌బ్రెడ్‌లో గుడ్డు ఉంటది, ఇనప పెనానికి బేకన్ కొవ్వు రాసే ఇళ్లూ ఉన్నయి. వాఫుల్స్‌లో గుడ్డు. ఫ్రైడ్ గ్రీన్ టమాటో అంటే పచ్చి టమాటా ముక్కలు పిండిలో ముంచి వేయించినవి, చూడ్డానికి మన బజ్జీలే, కానీ చాలాచోట్ల గుడ్డు సొనలో ముంచుతరు, పైగా చికెన్ వేయించిన నూనెలోనే వేస్తరు. పొయ్యిలో కాల్చిన మ్యాక్ అండ్ చీజ్‌లో కూడా గుడ్డు వేసేవాళ్లు ఉన్నరు. బిస్కట్ అంటే మన పార్లే జీ కాదు, మెత్తటి బన్ను లాంటిది. మజ్జిగ, మైదా, కొవ్వు. గుడ్డు మామూలుగా ఉండదు, కొవ్వు వెన్నా లార్డా అన్నదే ప్రశ్న. లార్డ్ అంటే పంది కొవ్వు. దాని మీద పోసే తెల్ల గ్రేవీలో సాసేజ్ ఉంటది, వద్దనండి.

అంటే అమ్మగారికి గ్రిట్స్, వెన్నతో చేసిన బిస్కట్, పండ్లు, వేయించిన బంగాళాదుంప. అంతే. ఇంట్ల తినిపించి తీసుకెళ్లండి, బయల్దేరే ముందు పెరుగన్నం పెడితే అందరూ హాయిగా ఉంటరు.

నాన్నగారికి మాత్రం పండగే. ఫ్రైడ్ చికెన్ ముందురోజు మజ్జిగలో నానబెడతరు, అందుకే లోపల అంత మెత్తగా ఉంటది. క్యాట్‌ఫిష్‌కి మక్కపిండి పట్టించి వేయిస్తరు. గంబో అనే పులుసు, జంబలయా అనే అన్నం మాత్రం వద్దు, రెండింట్లోనూ మామూలుగా ఆండూయీ అనే పోర్క్ సాసేజ్ ఉంటది. కారం చాలకపోతే బల్ల మీద సీసా ఉంటది, కానీ అది పులుపు ఎక్కువ, ఘాటు తక్కువ. జేబుల కారప్పొడి పొట్లం పెట్టుకోమనండి.

షుగర్ ఉంటే స్వీట్ టీ దగ్గరికి కూడా పోనివ్వద్దు. అది టీ కాదు, పాకం. "అన్‌స్వీట్" అని స్పష్టంగా చెప్పాలె.

కొల్లేటిచేప:

మక్కగట్క గారూ, ఇంత వివరంగా ఎవరూ రాయరు. ఒక్కటి కలుపుతాను. క్యాట్‌ఫిష్ అనగానే మన పెద్దవాళ్లు "అది ఇండియాలో నిషేధించిందే కదా, చెత్త తింటుందట" అంటారు. మా మామయ్యగారు బల్ల దగ్గర ఆ మాటే అన్నారు. మన దగ్గర పెంచకూడదన్నది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. ఇక్కడ వడ్డించేది చానల్ క్యాట్‌ఫిష్, వేరే జాతి. మిసిసిపీ డెల్టాలో పత్తి చేలని చెరువులుగా తవ్వి, తయారు చేసిన మేత వేసి పెంచుతారు. పొలాలు చెరువులుగా మారడం గురించి భీమవరం వాళ్లకి ఒకరు చెప్పాలా! మామయ్యగారు ఆ చెరువుల సంగతి వినగానే ఎకరానికి దిగుబడి ఎంత, ఏరేటర్లు ఎన్ని అని వెయిటర్‌ని అడగమన్నారు. మేము అడగలేదు.

లూథరన్‌వీధి (అట్లాంటా, సొంతూరు గుంటూరు):

తిండి గురించి ఇంత రాశారు, పాట గురించి ఎవరూ మాట్లాడట్లేదు. కొబ్బరి గారి నాన్నగారు వెళ్తున్నది పాట కోసం కదా.

గాస్పెల్, బ్లూస్ రెండూ వేరు వేరు గదులు అనుకుంటాం గానీ, మధ్య గోడ చాలా పలచన. ఆధునిక గాస్పెల్‌కి తండ్రి అని చెప్పుకునే థామస్ డోర్సీ 1899లో జార్జియాలో ఒక బోధకుడి ఇంట్లో పుట్టాడు. కుర్రతనంలో "జార్జియా టామ్" పేరుతో క్లబ్బుల్లో బ్లూస్ పియానో వాయించాడు, "మా రెయినీ" అనే బ్లూస్ గాయనికి బ్యాండు నడిపాడు. 1932లో కాన్పులో భార్య పోయింది, వెంటనే బిడ్డా పోయింది. ఆ దుఃఖంలోంచి వచ్చిన పాట ఇవాళ్టికీ ప్రతి నల్లజాతి చర్చిలోనూ పాడతారు. ఆయన స్వరాల్లో క్లబ్బు వాసన వస్తోందని మొదట్లో చాలా చర్చిలు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. తర్వాత మహాలియా జాక్సన్ లాంటి గొంతులు ఆ పాటల్ని దేశమంతా మోశాయి.

మా నాన్నమ్మ గుంటూరు చర్చిలో తాళాలు, డోలక్ పెట్టుకుని కీర్తనలు పాడేది. ఒకరు అంటే అందరూ అందుకోవడం. అందుకే ఇక్కడ మొదటిసారి గాయకురాలు ఒక ముక్క అని ఆపగానే హాలంతా జవాబు చెబుతుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. భజన మేళం నడిపిన మనిషికి కూడా అనిపించదు.

ఒక చిట్కా. నాన్నగారు మొదట తాళం దగ్గర తడబడతారు. మనం సమం మీద చప్పట్లు కొడతాం, అంటే ఒకటి మీద. వాళ్లు రెండు, నాలుగు మీద కొడతారు. మనవాళ్లు నలుగురు ఒకటి మీద కొట్టడం మొదలుపెడితే ఆ బల్ల చుట్టూ అంతా కలగాపులగం అయిపోతుంది. ముందే చెప్పి ఉంచండి.

అరుంధతి_ఫ్రీమాంట్:

అడగకూడదేమో గానీ అడుగుతున్నాను. అది మత కార్యక్రమమేగా? మా అత్తయ్యగారిని తీసుకెళ్దామంటే మావారు "వాళ్లు మతం మార్చేస్తారు" అని జోక్ చేశారు. జోకో కాదో నాకు తెలియలేదు.

లూథరన్‌వీధి:

అడగడంలో తప్పేం లేదండీ. పాటలన్నీ దేవుడి గురించే. మధ్యలో పాడేవాళ్లు తమ కష్టాల గురించి, ఎలా బయటపడ్డారో చెబుతారు. "హాలెలూయా అనండి" అంటారు. మీరు అనకపోయినా ఎవరూ పట్టించుకోరు. ఎవరూ కరపత్రాలు ఇవ్వరు, పేరు రాసుకోరు. త్యాగరాజ ఆరాధనకి వచ్చి కూర్చున్న క్రైస్తవుడికి ఎంత ఇబ్బందో మీ అత్తయ్యగారికీ అంతే.

నిజం చెప్పాలంటే అభ్యంతరం రెండో వైపు నుంచి ఉంది. మా చర్చిలో కొందరు పెద్దవాళ్లకి ఈ బ్రంచ్‌లు నచ్చవు. ఆరాధన జరుగుతుంటే పక్కన మిమోసా (షాంపేన్ కలిపిన ఆరెంజ్ జ్యూస్) గ్లాసులేమిటి, చప్పట్లు పాటకా వాఫుల్‌కా అంటారు. ఆ మాటలో నాకు న్యాయం కనిపిస్తుంది. కానీ ఆదివారం పూట ఈ కచేరీ డబ్బులతో ఇల్లు గడుపుకునే గాయకులూ ఉన్నారు. బ్రంచ్ వద్దు, అసలుది వినాలి అంటే చర్చికే వెళ్లండి. మెంఫిస్‌లో గాయకుడు అల్ గ్రీన్ చర్చి ఉంది, 1976 నుంచి. బయటివాళ్లు వస్తూనే ఉంటారు. శుభ్రంగా బట్టలు వేసుకుని, చివరిదాకా కూర్చుని, పళ్లెం వచ్చినప్పుడు కొంత వేయండి. ఫోన్ పైకెత్తి వీడియోలు తీయకండి.

చెవిడాక్టరు:

పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి వృత్తిరీత్యా ఒక మాట. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటల వరకు చెవికి ఫర్వాలేదు అనేది పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం అవుతుంది. లెక్క వేసుకుంటే 100 దగ్గర 15 నిమిషాలే. మూసిన హాల్లో డ్రమ్స్, ఆర్గాన్, ఎనిమిది గొంతులు కలిస్తే 100 దాటడం పెద్ద కష్టం కాదు. స్పీకర్లకి దూరంగా బల్ల అడగండి. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ మందుల షాపులో రెండు మూడు డాలర్లు. హియరింగ్ ఎయిడ్ ఉన్నవాళ్లయితే దాన్ని మ్యూజిక్ ప్రోగ్రాంకి మార్చండి, మామూలు సెట్టింగులో పాట చితికిపోయి వినిపిస్తుంది.

చిల్లరలెక్క:

ఖర్చు గురించి ఎవరూ రాయలేదేం? ఊరు, హాలు పేరు చెప్పను గానీ, ఒకచోట మేం కొన్న టికెట్ కంటే దాని మీద ఫీజులు, పార్కింగ్, ఆటోమేటిక్ టిప్ కలిపి ఎక్కువయ్యాయి. అంత పోసి కూర్చుంటే ఎదురుగా స్తంభం. గాయకురాలి ఎడమ చెయ్యి మాత్రం కనపడింది. అడిగితే "సీటింగ్ మ్యాప్‌లో ఉంది కదా సార్" అన్నారు. ఉంది, బూతద్దం పెట్టి చూస్తే. కాబట్టి మ్యాప్‌లో నల్ల చుక్కలు కనిపిస్తే అవి డిజైన్ కాదు, స్తంభాలు. పెద్ద బ్యాగులు చాలాచోట్ల లోపలికి రానివ్వరు, అమ్మగార్ల హ్యాండ్‌బ్యాగు, అందులో మందుల డబ్బా సంగతి ముందే చూసుకోండి.

తాళంతప్పినోడు:

కొబ్బరి గారూ, ఆస్టిన్ ఆలోచించారా? స్టబ్స్ అని రెడ్ రివర్ వీధిలో ఉంది. ఆదివారం గాస్పెల్ బ్రంచ్‌కి అదీ పాత పేరే. క్రిస్టఫర్ స్టబుల్‌ఫీల్డ్ అనే ఆయన కొరియా యుద్ధంలో సైన్యానికి వంట చేసి, 1968లో లబ్బక్‌లో చిన్న బార్బెక్యూ కొట్టు పెట్టాడు. వచ్చిన వాయిద్యగాళ్లకి తిండి పెట్టి పాడించుకునేవాడు. సూపర్ మార్కెట్లో బార్బెక్యూ సాస్ సీసా మీద టోపీ పెట్టుకున్న ముఖం ఆయనదే. ఆస్టిన్‌లో ఇప్పుడున్నది ఆయన పోయిన మరుసటి ఏడాది, 1996లో తెరిచారు. అదీ వ్యాపారమే, నేనేం దాచట్లేదు. కానీ అక్కడ ముందు వంట పుట్టింది, తర్వాత పాట వచ్చి చేరింది. నాకు ఆ వరస నచ్చుతుంది.

ఒకటే ఇబ్బంది. టెక్సస్ బార్బెక్యూ అంటే బీఫ్ బ్రిస్కెట్. కోసే బల్ల, కత్తి అన్నిటికీ ఒకటే. ఆ పట్టింపు ఉంటే వేయించినవాటి వైపు ఉండండి.

మక్కగట్క:

దీనికి ఒక మాట కలపాలె. ఈ వంటని "సదరన్" అని ఒక్క మాటలో అనేస్తం. బెండకాయ ఆఫ్రికా నుంచి వచ్చింది, బొబ్బర్లు పశ్చిమ ఆఫ్రికావి. కరోలినా వరి పొలాల్లో నీరు కట్టడం తెలిసింది అక్కణ్ణించి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్లకే. యజమాని ఇంట్లో వంటగది వాళ్లది, మంచి ముక్క యజమానిది, కాలు, తోక, ఆకులు వాళ్లవి. కాలర్డ్ గ్రీన్స్‌లో పంది కాలు ఎందుకుందో అర్థమైంది కదా. నేను తినను, కానీ ఆ గిన్నె ముందు ముక్కు చిట్లించను. మావాళ్లు వచ్చినప్పుడు కూడా ఇదే చెప్తా.

కోనసీమకొబ్బరి:

అందరికీ పేరుపేరునా థాంక్స్. వెళ్లొచ్చాం. తేదీలు కుదిరి ఆస్టిన్‌కే వెళ్లాం, డాలస్ నుంచి మూడు గంటల పైన డ్రైవ్. అమ్మ పొద్దున్నే పులిహోర కట్టింది, దారిలో రెస్ట్ ఏరియాలో తినేశాం. కాబట్టి అక్కడ ఆవిడ చీజ్ గ్రిట్స్, పండ్లు మాత్రం తిని "ఉప్పుడు పిండి ఇంకొంచెం పలచన చేసినట్టుంది" అని తేల్చేసింది. స్టాక్ గురించి అడిగాం, వంటాయన స్వయంగా బయటికొచ్చి చెప్పాడు.

నాన్నగారి సంగతి వేరే చెప్పాలి. ఆయన పాడేవాళ్లని చూడలేదు. మొదటి పాట నుంచీ కీబోర్డు ఆయన చేతులే చూశారు. గాయకురాలు పాట ఆపి ఏదో మాట్లాడుతోంది, ఆవిడ మాట్లాడినంతసేపూ వెనకాల ఆర్గాన్ నడుస్తూనే ఉంది. ఆవిడ గొంతు పెరిగితే అదీ పెరుగుతోంది, ఆవిడ ఆగితే ఆ సందులో ఒక చిన్న స్వరం పడుతోంది. "హరికథలో హార్మోనియం పని ఇదేరా, దాసుగారు వచనం చెబుతుంటే శ్రుతి వదలకూడదు. ఈయన వదల్లేదు చూడు" అన్నారు. తర్వాత ఆ మాట నేను ఇంగ్లీషులో చెబితే ఆ వాయించే ఆయన నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఎడమ చేతి వరస చూపించారు. ఇద్దరికీ భాష రాదు. పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

రెండు, నాలుగు మీద చప్పట్లు మాత్రం ఆయనకి కుదర్లేదు. లూథరన్‌వీధి గారు ముందే చెప్పినా. మూడో పాటకి "వాళ్లది వాళ్లు కొట్టుకోనీ" అని చేతులు కట్టుకుని తల ఊపారు. అమ్మకి ఎలాగో కుదిరింది, ఆయన ముందు కొంచెం గొప్పగానే కొట్టింది.

ఇయర్‌ప్లగ్స్ ఇద్దరికీ ఇచ్చాను. నాన్నగారు తీసి జేబులో వేసుకున్నారు, డాక్టరు గారూ క్షమించాలి. పార్కింగ్‌కి ముందే డౌన్‌టౌన్ గ్యారేజీ బుక్ చేసుకోండి.

చిల్లరలెక్క:

స్తంభం రాలేదుగా? అది చెప్పండి.

కోనసీమకొబ్బరి:

రాలేదండీ, మీ పోస్టు చదివాక మ్యాప్‌ని బాగా పెద్దది చేసి చూశాను.

అరుంధతి_ఫ్రీమాంట్:

చదువుతుంటే మాకూ వెళ్లాలనిపిస్తోంది. మేం మార్చిలో మెంఫిస్ వస్తున్నాం, నేను, మావారు, అత్తయ్యగారు. మక్కగట్క గారూ, బ్లూస్ క్లబ్బులుండే బీల్ స్ట్రీట్ ఒక్కటి చాలా? క్లార్క్స్‌డేల్ కూడా వెళ్లాలా? దూరమెంత, రాత్రి అక్కడ ఉండొచ్చా?

మక్కగట్క:

అమ్మా, అత్తయ్యగారు ఉన్నరు కాబట్టి బీల్ స్ట్రీట్‌కి సాయంత్రం ఐదారు గంటలకే పోండి. బి.బి. కింగ్ క్లబ్బు 1991 నుంచి ఉంది, కూర్చుని తింటూ వినొచ్చు. పొద్దుపోయాక వీధిలో జనం ఎక్కువ, వయసు చూసి లోపలికి పంపడం మొదలైతది, అప్పటికి మీరు హోటల్‌కి వచ్చేయండి.

క్లార్క్స్‌డేల్ ఇక్కణ్ణించి సుమారు 75 మైళ్లు, హైవే 61 మీద గంటంబావు. పగలు పోండి. ముందు డెల్టా బ్లూస్ మ్యూజియం చూడండి, తాళంతప్పినోడు గారు చెప్పిన స్టోవాల్ తోటలో మడ్డీ వాటర్స్ ఉన్న గుడిసె చెక్కలు అందులోనే పెట్టిన్రు. దాన్ని ఆనుకునే గ్రౌండ్ జీరో అనే బ్లూస్ క్లబ్బు ఉంటది, నటుడు మోర్గాన్ ఫ్రీమన్ వాళ్లు 2001లో పెట్టింది. గోడల నిండా జనం రాసిన పేర్లు, పొందిక లేని కుర్చీలు. చూసి కంగారు పడొద్దు, అది కావాలనే అట్ల ఉంచుతరు. క్యాట్‌ఫిష్ అక్కడ తినాల్సిందే. టమాలే అని మక్కపిండి పొట్లాలు కూడా అమ్ముతరు, లోపల మాంసం ఉంటది, ఏ మాంసమో అడగండి.

వారం మొదట్లో చాలాచోట్ల పాట ఉండదు, గురువారం నుంచి శనివారం మధ్య పెట్టుకోండి. పాట వినాలంటే రాత్రి అక్కడే గది తీసుకోండి, చీకట్లో 61 మీద జింకలు అడ్డం వస్తయి. జూక్ జాయింట్లనే చిన్న పాటల బార్లలో కార్డులు తీసుకోకపోవచ్చు, ఇరవై డాలర్ల నోట్లు కొన్ని ఉంచుకోండి, బ్యాండు ముందర పెట్టే బకెట్‌కి కూడా అవే కావాలె. మీ తేదీలు చెప్తే ఆ వారం ఎవరు వాయిస్తున్నరో నేను కనుక్కుని పెడతా.

అరుంధతి_ఫ్రీమాంట్:

మార్చి రెండో వారం, గురువారం దిగుతాం. అత్తయ్యగారు వెల్లుల్లి కూడా తినరు, దానికేమైనా దారి ఉందా?

మక్కగట్క:

లేదమ్మా. ఆ పూటకి మా ఇంటికి రండి.